ఒలికిన మజ్జిగ

పిల్లలూ,

గ్లాసెడు మజ్జిగ చాపమీద ఒలికితే ఏం చేస్తారు? గుడ్డ తెచ్చి తుడుస్తారు. నోటుపుస్తకం మీద ఒలికితే? పుస్తకాన్ని ఆరేస్తారు. కాగితాలు ఉబ్బినా, అక్కడక్కడ సిరా అలుక్కుపోయినా పుస్తకం చదువుకోవడానికి పనికివస్తుంది. మరి అదే మజ్జిగ ల్యాప్‌టాప్ మీటల మీద ఒలికితే? అక్కడ ఒక్క గుడ్డ తెస్తే చాలదు. చాపకూ పుస్తకానికీ లేనిది ఒకటి దానిలో ఉన్నది. అదేమిటో, దానికీ మజ్జిగకూ ఎందుకు పడదో, అటువంటప్పుడు మీబోటి పిల్లలు ఏం చెయ్యాలో ఈ నెల చెప్పుకుందాం.

నేను ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పి, చివరికి హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి. నేను ఉద్యోగంలో చేరిననాడు మా బడి ఆఫీసు గదిలో ఉన్న యంత్రాలు రెండే: ఒక గోడగడియారం, ఒక టైపు మిషను. ఈనాడు ఎన్నో ఇళ్ళలో పెద్దల ఉద్యోగమూ, పిల్లల చదువూ ఒకే ల్యాప్‌టాప్ మీద నడుస్తున్నాయి. అది టిఫిను పళ్ళెం పక్కనే ఉంటుంది, కాఫీ గ్లాసు పక్కనే ఉంటుంది. కాబట్టి ఈ పాఠం పిల్లలకే కాదు, పెద్దలకు కూడా కావలసినదే.

ముందు మీటల కింద ఏమున్నదో చూద్దాం. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రతి మీట కిందా ఒక చిన్న రబ్బరు టోపీ ఉంటుంది. దాని కింద మూడు పలచని ప్లాస్టిక్ రేకులు ఒకదాని మీద ఒకటి పరచి ఉంటాయి. పై రేకు మీదా, కింది రేకు మీదా విద్యుత్తును పోనిచ్చే గీతలు అచ్చువేసి ఉంటాయి. నడిమి రేకుకు మీట ఉన్నచోటల్లా ఒక రంధ్రం ఉంటుంది. మీరు మీట నొక్కినప్పుడు రబ్బరు టోపీ అణుగుతుంది, పై గీత ఆ రంధ్రంలోంచి కింది గీతను తాకుతుంది. వేలు తీయగానే రెండూ విడిపోతాయి. అవి తాకిన సంగతి పట్టుకునే యంత్రం తెరమీద అక్షరం వేస్తుంది. ఎంత చిన్న ఏర్పాటో చూశారా!

ఇప్పుడు ఆ రేకుల నడుమకు మజ్జిగ దూరిందనుకోండి. ఎవరూ నొక్కకుండానే గీతలు కలిసిపోతాయి. తెరమీద ఒకే అక్షరం దానంతట అదే వరసగా పడిపోతూ ఉంటుంది. కొన్ని మీటలు ఎంత నొక్కినా పలకవు. ఇంతవరకూ అయితే కీబోర్డు ఒక్కటే పాడయినట్టు. కాని మీటల సందుల్లోంచి మజ్జిగ ఇంకా కిందికి దిగితే అక్కడ మదర్‌బోర్డు ఉన్నది. యంత్రానికి ప్రాణం అదే. వెంట్రుకలంత సన్నని రాగి గీతలు, ఆవగింజల కన్న చిన్న భాగాలు దానినిండా కిక్కిరిసి ఉంటాయి.

"నీళ్ళలోంచి కరెంటు పోతుంది గనకనే ఇదంతా" అని మీలో కొందరు అంటారు. సగం నిజమే. పూర్తిగా శుద్ధమైన నీటిలో విద్యుత్తు చాలా కొద్దిగా మాత్రమే ప్రవహిస్తుంది. దాన్ని మోసేవి నీటిలో కరిగిన లవణాలు. మన బావినీళ్ళలోనూ, కుళాయినీళ్ళలోనూ అవి ఎప్పుడూ ఉంటాయి. మజ్జిగ సంగతి చెప్పనే అక్కరలేదు. అందులో మనం వేసిన ఉప్పు ఉన్నది, పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లం ఉన్నది. నిమ్మకాయ నీళ్ళలో సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. కోలా పానీయాలలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. కాఫీలోనూ టీలోనూ ఉండే చక్కెర విద్యుత్తును మొయ్యదు గాని, అది ఎండి బంకలాగా మీటలను పట్టేస్తుంది, గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. కాబట్టి అన్నిటికన్న తక్కువ చెడ్డవి ఉత్త మంచినీళ్ళు. అవి కూడా మంచివి మాత్రం కావు.

నేను చెప్పినంత మాత్రాన నమ్మవద్దు. పెద్దవాళ్ళను పక్కన కూచోబెట్టుకుని, కిటికీ తెరిచి, ఈ చిన్న ప్రయోగం చేసి చూడండి.

రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒక్కొక్కదానిలో చెంచాడు ఉప్పు కరిగించండి. పైతొడుగు ఒలిచిన రాగి తీగ ముక్కలు ఒక్కొక్క గ్లాసులో రెండేసి, ఒకదాన్నొకటి తాకకుండా వేలాడదీయండి. మొదటి గ్లాసు తీగలను, వరసగా పెట్టిన మూడు టార్చిలైటు సెల్లుల రెండు కొసలకు కలపండి. రెండో గ్లాసు తీగలను దేనికీ కలపకండి. అరగంట ఆగి చూడండి. మొదటి గ్లాసులో ఒక తీగ చుట్టూ సన్నని బుడగలు లేస్తూ ఉంటాయి. రెండో తీగ మసకబారుతుంది, దాని నుంచి రంగు మడ్డి నీళ్ళలోకి దిగుతుంది. ఆ మడ్డి ఎక్కడిదనుకున్నారు? తీగలోని రాగిదే. తీగ అరిగిపోతున్నదన్నమాట. రెండో గ్లాసులోవి కూడా ఆ నీళ్ళే, ఆ ఉప్పే, ఆ రాగే. కాని అరగంటకు దానిలో చెప్పుకోదగిన మార్పు ఏమీ కనిపించదు.

(ఈ ప్రయోగం టార్చి సెల్లులతోనే చెయ్యాలి. గోడ ప్లగ్గు జోలికి ఎన్నడూ పోరాదు. అయిన తరవాత నీళ్ళు పారబోసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.)

రెండు గ్లాసులకూ ఉన్న తేడా ఒక్కటే: సెల్లులు. అందుచేత రాగిని తినేస్తున్నది నీళ్ళు మాత్రమే కాదు, నీళ్ళూ విద్యుత్తూ కలిసి తింటున్నాయి. ఈ రెంటిలో నీళ్ళను మనం చిటికెలో తీసెయ్యలేము. విద్యుత్తును మాత్రం చిటికెలో ఆపగలము. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే మిగిలిన పాఠమంతా దానంతట అదే వస్తుంది.

ఈ సంగతి మనుషులకు తెలిసి రెండు వందల ఏళ్ళు దాటింది. 1800లో వోల్టా అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు, లోహపు బిళ్ళలను దొంతరగా పేర్చి విద్యుత్తు పుట్టించే విధానాన్ని లోకానికి తెలియజేశాడు. అదే సంవత్సరం ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు అటువంటి దొంతర తీగలను నీళ్ళలో ముంచి, నీరు రెండు వాయువులుగా విడిపోవడం చూశారు. ఆ తరవాత 1833, 1834 సంవత్సరాలలో మైకేల్ ఫారడే దీనికొక లెక్క కట్టాడు. ఆయన కమ్మరి కొడుకు. చిన్నతనంలో పుస్తకాలు బైండు చేసే కొట్టులో పని నేర్చుకున్నవాడు. ఎంత విద్యుత్తు ప్రవహిస్తే అంతకు తగినట్టుగానే లోహం కరుగుతుందని ఆయన తేల్చాడు. అంటే, ఎంత ఎక్కువసేపు ప్రవహిస్తే అంత ఎక్కువ నష్టం అన్నమాట.

ఆ లెక్కను మన ల్యాప్‌టాప్‌కు వేసి చూద్దాం. ఒక ఆంపియరులో వెయ్యో వంతు విద్యుత్తు, అంటే ఒక మిల్లీ ఆంపియరు, మజ్జిగలోంచి ఒక గంటసేపు ప్రవహించిందనుకోండి. అదంతా రాగిని కరిగించడానికే ఖర్చయితే సుమారు 1.2 మిల్లీగ్రాముల రాగి పోతుంది. "ఇంతేనా!" అంటారేమో. బోర్డు మీది గీత వెడల్పు 0.1 మిల్లీమీటరు, మందం 0.035 మిల్లీమీటరు అనుకుంటే, సెంటీమీటరు పొడవు గీతలో ఉండే రాగి సుమారు 0.3 మిల్లీగ్రాములే. అంటే గంటలో దాదాపు నాలుగు సెంటీమీటర్ల గీత మాయం కాగలదు! మన ప్రయోగంలో మూడు సెల్లులూ కలిసి నాలుగున్నర వోల్టులు. చాలా ల్యాప్‌టాప్ చార్జర్లు 19, 20 వోల్టులవి. ఇక మీరే ఊహించుకోండి.

ఇంకొక సంగతి. ల్యాప్‌టాప్ మూత వేసినంత మాత్రాన విద్యుత్తు ఆగిపోదు. మూత వేస్తే సాధారణంగా అది నిద్రపోతుందంతే. లోపల బాటరీ మేలుకునే ఉంటుంది. ఇది తెలియకనే నిరుడు వేసవిలో మా అమ్మాయి ఇంట్లో ఒక కష్టం వచ్చింది.

అప్పుడు నేను హైదరాబాదులో వాళ్ళింట్లోనే ఉన్నాను. మా మనమడు అయిదో తరగతి ముగించి సెలవుల్లో ఉన్నాడు. ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మ ల్యాప్‌టాప్ ముందు కూచుని ఏదో చూస్తూ మజ్జిగ తాగుతున్నాడు. మోచెయ్యి తగిలి గ్లాసు ఒరిగింది. ఆ ముందురోజే టీవీ రిమోటు పగలగొట్టాడని వాడికి వీపుమీద ఒక దెబ్బ పడి ఉన్నది. ఆ దెబ్బ గుర్తుకొచ్చి వాడు కిక్కురుమనలేదు. చొక్కాతోనే మీటలు తుడిచాడు, మూత వేశాడు, గ్లాసు తీసుకుపోయి తొట్లో పెట్టాడు, వీధిలోకి ఆటకు పోయాడు. చార్జరు ప్లగ్గులోనే ఉన్నది, స్విచ్చి వేసే ఉన్నది.

రెండు గంటల తరవాత మా అమ్మాయి వచ్చి మూత తెరిచింది. తెరమీద ఒకే అక్షరం వరసగా పడుతూ పోయింది. ఇంతలోనే తెర నల్లబడింది. ఆ తరవాత ఎంత నొక్కినా వెలగలేదు. ల్యాప్‌టాప్ ఎత్తగానే బల్లమీద తెల్లటి చుక్క పడింది. మా అమ్మాయి దాన్ని వేలితో అద్ది, వాసన చూసి, కుర్చీలో కూలబడింది. "నాన్నా, అమ్మ చెప్పిన కథలన్నీ ఇందులోనే ఉన్నాయి" అన్నది.

మా ఇంటావిడ పోయి అప్పటికి మూడేళ్ళు. మనమణ్ణి పక్కలో వేసుకుని ఆమె చెప్పిన కథలను మా అమ్మాయి ఫోనులో రికార్డు చేసి, తరవాత ఆ ల్యాప్‌టాప్‌లో దాచుకున్నది. ఇంకెక్కడా వాటి నకలు లేదు.

రిపేరు షాపు ఆయన దాన్ని విప్పి మాకు చూపించాడు. చార్జరు దూర్చే చోటి దగ్గర పచ్చటి చిలుము కట్టి ఉన్నది. దాని పక్కన ఒక సన్నని గీత మధ్యలో తెగిపోయి ఉన్నది. "ఈ బోర్డు ఇక లేవదండి. ఫైళ్ళుండే ముక్క వేరే ఉన్నది, దాన్ని తీసి చూస్తాను, మూడు రోజులు పడుతుంది" అన్నాడు. ఆ మూడు రోజులూ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మూడోనాటి రాత్రి పిల్లవాడు నా మంచం దగ్గరికి వచ్చి, "తాతయ్యా, నేను అప్పుడే చెప్పి ఉంటే అది బతికేదా?" అని అడిగాడు.

"తప్పకుండా బతికేదని చెప్పలేను, నాయనా. కాని బతకడానికి దానికొక అవకాశం దొరికేది. ఆ రెండు గంటలూ మజ్జిగ తన పని తాను చేసుకుపోయింది" అన్నాను.

"అమ్మ కొడుతుందని భయం వేసింది" అన్నాడు వాడు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న మా అమ్మాయి ఆ మాట విన్నది. ఏమీ అనలేదు. లోపలికి వచ్చి వాడి పక్కన కూచున్నది.

మర్నాడు కథలు దొరికాయి. ఫైళ్ళుండే ముక్క వరకూ మజ్జిగ పోలేదు. అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఆ ముక్క ఇలా విడిగా ఊడిరాదు. కొన్నింటిలో దాన్ని బోర్డుకే అతికించేస్తారు. అందుకని మనకు విలువైనవాటి నకలు ఇంకొక చోట ఎప్పుడూ ఉండాలి. మా అమ్మాయి ఆ కథలను ఇప్పుడు మూడు చోట్ల దాచింది.

సరే, ఇక మీరు చెయ్యవలసిన పనులు చెబుతాను. శ్రద్ధగా వినండి.

ఒలికిన క్షణాన పెద్దగా కేకవేసి ఇంట్లో పెద్దలను పిలవండి. వాళ్ళు వచ్చేదాకా ఊరికే నిలబడకండి. మీ చేతులు పొడిగా ఉంటే గోడ దగ్గర స్విచ్చి ఆపండి, తరవాత చార్జరు ఊడదీయండి. చేతులు తడిగా ఉంటే ముందు తుడుచుకోవాలి. ప్లగ్గు మీద గాని, ఎక్స్‌టెన్షను బోర్డు మీద గాని తడి పడితే దాన్ని మీరు అసలు ముట్టుకోరాదు. అది పెద్దల పని.

తరవాత ల్యాప్‌టాప్ పవర్ మీటను నొక్కి, ఒకటి నుంచి పది దాకా నిదానంగా లెక్కపెడుతూ అలాగే పట్టుకోండి. తెర ఆరిపోతుంది. "రాస్తున్న పాఠం పోతుందే, సేవ్ చేసి ఆపుతాను" అనుకోవద్దు. పాఠం మళ్ళీ రాసుకోవచ్చు. ఆగిపోయిన తరవాత మౌసు తీగ, పెన్ డ్రైవు వంటివి ఏవైనా ఉంటే తీసెయ్యండి.

ఇప్పుడు బల్లమీద తువ్వాలు పరచండి. ల్యాప్‌టాప్ మూతను తెరిచి ఉంచి, మీటలు కిందికి వచ్చేట్టు తిప్పి, గుడారంలాగా తువ్వాలు మీద నిలబెట్టండి. ఒలికినది లోపలికి దిగకుండా వచ్చిన దారినే బయటికి కారుతుంది. పైన కనిపించే తడిని పొడిగుడ్డతో అద్దండి. రుద్దితే తడి సందుల్లోకి పోతుంది. అటూ ఇటూ ఊపితే పొడిగా ఉన్న చోటికి కూడా పాకుతుంది.

పాత రకం ల్యాప్‌టాప్‌లకు బాటరీ అడుగున సులువుగా ఊడివస్తుంది. అలా వచ్చేదయితే పెద్దలు తీసెయ్యాలి. కొత్త రకాలలో అది మరల కింద దాగి ఉంటుంది. దాన్ని తెలిసినవాళ్ళే తీయాలి. లిథియం బాటరీని గుచ్చినా, వంచినా మంట పుట్టవచ్చు. యంత్రం వేడెక్కినా, ఉబ్బినా, పొగ గాని వింత వాసన గాని వచ్చినా దాని దగ్గర ఉండకండి. వెంటనే దూరంగా పోయి పెద్దలకు చెప్పండి.

చెయ్యకూడని పనులు కూడా ఉన్నాయి. జుట్టు ఆరబెట్టుకునే యంత్రం పెట్టకూడదు. దాని వేడికి ప్లాస్టిక్ వంగుతుంది, దాని గాలికి తడి లోపలికి పోతుంది. మండుటెండలో పెట్టకూడదు. బాటరీకి వేడి పడదు. బియ్యం డబ్బాలో పాతిపెట్టమని చాలామంది సలహా ఇస్తారు. బియ్యం లోపలి తడిని బయటికి లాగలేదు. పైగా తవుడూ, నూకా సందుల్లో దూరుతాయి. 2024లో ఆపిల్ కంపెనీ తన ఫోన్ల విషయంలో కూడా బియ్యంలో పెట్టవద్దనే చెప్పింది. అన్నిటికన్న ముఖ్యం: "పనిచేస్తున్నదేమో చూద్దాం" అని మళ్ళీ వెలిగించి చూడకూడదు. వెలిగించారంటే మొదటి గ్లాసుకు సెల్లులు కలిపినట్టే.

రెండు రోజులు ఆరబెడితే సరిపోదా అంటారా? నీరు ఆరినా అందులోని ఉప్పూ, పులుపూ, చక్కెరా లోపలే ఉంటాయి. వానాకాలం గాలిలో తేమ పెరిగినప్పుడు అవి మళ్ళీ తడిసి, ఆగిన పని మొదలుపెడతాయి. కాబట్టి వీలైతే ఆనాడే రిపేరు తెలిసినవారి దగ్గరికి తీసుకుపోవాలి. వారు దాన్ని విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మెత్తని కుంచె పెట్టి శుభ్రం చేస్తారు. అది తొందరగా ఆవిరైపోయే ద్రవం, తొందరగా అంటుకునేది కూడా. పిల్లలు దాని జోలికి పోరాదు. అక్కడ ఏది ఒలికిందో, ఎంత ఒలికిందో, ఎప్పుడు ఒలికిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. డాక్టరు దగ్గర రోగం దాచకూడదు కదా! దాచినా దాగదు. చాలా యంత్రాల లోపల చిన్న తెల్ల కాగితపు బిళ్ళలు అంటించి ఉంటాయి. తడి తగిలితే అవి ఎర్రబడతాయి.

ఇక్కడ పెద్దలకు ఒక మాట. పిల్లవాడి చేతిలోంచి గ్లాసు జారినప్పుడు వాడి మనసులో మొదట మెదిలేది స్విచ్చి కాదు, మీ ముఖం. ఆ ముఖానికి భయపడితే వాడు మూత వేసి ఆటకు పోతాడు. భయపడకపోతే మీ దగ్గరికి పరుగెత్తుకు వస్తాడు. ఆ సమయంలో ఒక్క నిమిషం ఎంత విలువైనదో ఫారడే లెక్క మీరు చూశారు. జాగ్రత్త నేర్పండి, కాదనను. ముందు స్విచ్చి ఆపి, ఆ తరవాత నేర్పండి.

ఈ సంక్రాంతికి మేమంతా కలిసి ఉండగా మా అల్లుడే కొత్త ల్యాప్‌టాప్ మీద కాఫీ ఒలకబోశాడు. ఆయన "అయ్యయ్యో" అంటూ లేచేలోగా మా మనమడు గోడ దగ్గరికి ఉరికి స్విచ్చి ఆపేశాడు. వెనక్కు వచ్చి పవర్ మీట నొక్కిపట్టి, అందరూ వినేట్టు పది లెక్కపెట్టాడు. కాఫీలో చక్కెర ఉన్నది గనక కీబోర్డు దక్కలేదు, మార్చవలసి వచ్చింది. బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు.

మరి మీరు ఈవేళ చెయ్యవలసిన పని చిన్నదే. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే దాని చార్జరు ఏ స్విచ్చికి తగిలించారో చూసి రండి. పవర్ మీట ఎక్కడున్నదో అమ్మనో నాన్ననో అడిగి తెలుసుకోండి. తాగే గ్లాసుకు బల్లమీద కాకుండా వేరే చిన్న పీట మీద చోటు చూపించండి. వీలైతే మూత ఉన్న సీసా వాడండి. ఇంట్లో పోకూడని ఫోటోలూ, గొంతులూ ఏమున్నాయో పెద్దలను అడిగి, వాటి నకలు ఇంకొక చోట దాయించండి. ఇదంతా అరగంట పని. ఆ రెండు గ్లాసుల ప్రయోగానికి ఇంకొక అరగంట. చేసి చూసి, ఏం కనిపించిందో మీ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పండి.